ఎన్నికల ఫలితాన్ని మీరే సరిచూసుకోండి: ఏ కాగితం, ఎప్పుడు, ఎవరిని అడగాలి

ఫలితాలు వచ్చిన మర్నాడు ఊళ్ళో రచ్చబండ దగ్గరైనా, చుట్టాల వాట్సాప్ గ్రూపులోనైనా ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "ఏదో జరిగింది." ఏం జరిగింది, ఏ పోలింగ్ కేంద్రంలో జరిగింది, ఎన్ని ఓట్ల తేడా వచ్చింది అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా సమాధానం ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఎన్నికల వేళ ఒక పక్షం ఓటింగ్ యంత్రాలను అనుమానించింది, 2024 ఫలితాల తరవాత మరో పక్షం అనుమానించింది. అనుమానించడం తప్పు కాదు. ఆ అనుమానాన్ని తీర్చగలిగే కాగితాలు ఉన్నాయని తెలియక, తెలిసినా సమయానికి అడగక, ఏళ్ళ తరబడి దాన్ని మనసులో మోసుకు తిరగడమే నన్ను కలవరపెడుతుంది. ఎందుకంటే అలా మోసినవారిలో చాలామంది చివరికి "ఓటేసి ఏం లాభం" అన్న చోటికి చేరడం నేను కళ్ళారా చూశాను.

ఉపాధ్యాయురాలిగా పనిచేసిన కాలంలో నేను 6 సార్లు ప్రిసైడింగ్ అధికారిగా, అంటే పోలింగ్ కేంద్రానికి బాధ్యురాలిగా, ఎన్నికల విధులు నిర్వర్తించాను. మన ఎన్నికల్లో ప్రతి దశలోనూ ఒక కాగితం పుడుతుంది; దాన్ని చూసే హక్కు ఓటరుకో, అభ్యర్థికో, అభ్యర్థి తరఫు ఏజెంటుకో చట్టం ఇచ్చింది; అయితే ప్రతి హక్కుకూ ఒక గడువు ఉంది. కొన్నిటికి వారాలు, కొన్నిటికి గంటలు, ఒకటి రెండింటికి నిమిషాలే. గడువులోపల అడిగితే ఒక కాగితంతో తేలిపోయే విషయం గడువు దాటాక కోర్టులో కూడా తేలకపోవచ్చు. అందుకే కిందివన్నీ ఎన్నిక జరిగే క్రమంలోనే, గడువులతో సహా రాస్తున్నాను.

జాబితాతో మొదలు

చాలామంది ఓటరు గుర్తింపు కార్డు చేతిలో ఉంటే ఓటు ఉన్నట్టే అనుకుంటారు. అది నిజం కాదు. ఓటు ఉండేది జాబితాలో. కార్డు మీరెవరో చెబుతుందంతే. 2018 డిసెంబర్ 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజున ఎంతోమంది కార్డులు పట్టుకుని వచ్చి, జాబితాలో పేరు లేక వెనుదిరిగారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా తన పేరు కనిపించలేదని ఆ రోజే బహిరంగంగా చెప్పారు. పోలింగ్ రోజున పేరు లేదని తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. ప్రిసైడింగ్ అధికారికి జాబితాలో పేరు చేర్చే అధికారం లేదు. నా ముందు కన్నీళ్ళు పెట్టుకున్న పెద్దలకు ఆ సంగతి చెప్పడం నాకు ఎంతో కష్టంగా ఉండేది.

కాబట్టి ఏడాదికి ఒకసారి, ముసాయిదా జాబితా ప్రచురించినప్పుడు, ఇంటిల్లిపాది పేర్లూ చూసుకోండి. ఎన్నికల సంఘం ఓటరు సేవల పోర్టల్‌లో చూడవచ్చు, 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు, మీ పోలింగ్ కేంద్రపు బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్ఓ దగ్గరున్న ప్రతిలోనూ చూడవచ్చు. పేరు కొత్తగా చేర్చడానికి ఫారం 6, తొలగింపు కోరడానికి ఫారం 7, తప్పులు దిద్దడానికీ చిరునామా మార్చడానికీ ఫారం 8 వాడాలి. 18 ఏళ్ళు నిండాయా లేదా అని చూడటానికి ఒకప్పుడు జనవరి 1 ఒక్కటే ప్రమాణం. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 అనే 4 తేదీలు అమల్లో ఉన్నాయి. ఎన్నికల ప్రకటన వచ్చాక కూడా దరఖాస్తు చేయవచ్చు గాని, నామినేషన్ల చివరి రోజుతో ఆ ఎన్నికకు జాబితా తలుపులు మూసుకుంటాయి. విచారణకు వ్యవధి కావాలి కనుక అంతకు కనీసం 10 రోజుల ముందే దరఖాస్తు చేరి ఉండాలి. విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం వదులుకోనివారికి ఫారం 6ఏ ఉంది. డాలస్‌లో ఉన్నా దుబాయ్‌లో ఉన్నా దాని ద్వారా సొంత ఊరి జాబితాలో చేరవచ్చు. ఓటు వేయడానికి మాత్రం స్వయంగా ఆ పోలింగ్ కేంద్రానికే రావాలి.

ఫారం 7 గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2019 ఎన్నికలకు కొన్ని వారాల ముందు ఆంధ్రప్రదేశ్‌లో లక్షల సంఖ్యలో ఫారం 7 దరఖాస్తులు వచ్చిపడ్డాయి. దరఖాస్తుదారులుగా కనిపించిన చాలామంది తాము వాటిని పెట్టనే లేదని చెప్పారు, పోలీసు కేసులు నమోదయ్యాయి. దరఖాస్తు వచ్చినంత మాత్రాన పేరు పోదన్న సంగతి అప్పుడు చాలామందికి తెలియదు. ఊరు విడిచి వెళ్ళారన్న కారణంతో ఎవరి పేరైనా తీసేయాలంటే, ముందుగా ఆ వ్యక్తికి తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. తప్పుడు ప్రకటన చేసినవారికి అదే చట్టం కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. వచ్చిన దరఖాస్తుల పట్టికలను ఓటర్ల నమోదు అధికారి ప్రదర్శించాలి. చేర్పుల పట్టికను ఫారం 9గా, అభ్యంతరాల పట్టికను ఫారం 10గా పిలుస్తారు. వాటిని చూసేవారు తక్కువ. మీ వీధిలో ఇద్దరు ముగ్గురు పంచుకుని వారానికొకసారి చూస్తే, ఎవరి పేరు మీద అభ్యంతరం వచ్చిందో ముందే తెలుస్తుంది. అధికారి నిర్ణయం మీకు వ్యతిరేకంగా వస్తే 15 రోజుల్లో జిల్లా స్థాయిలోనూ, అక్కడా న్యాయం జరగకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వద్దా అప్పీలు చేసుకోవచ్చు.

మా అత్తగారి పేరు ఒకసారి ఇలాగే పోయింది. ఆవిడ కూతురి కాన్పు కోసం 3 నెలలు వేరే ఊళ్ళో ఉండి వచ్చేసరికి "నివాసం లేరు" అని రాసుకుని పేరు తీసేశారు. నోటీసు ఎవరికి ఇచ్చారని అడిగితే ఆ కార్యాలయంలో ఎవరూ చెప్పలేకపోయారు. ముసాయిదా జాబితా చూసే అలవాటు ఉండబట్టి సమయానికి గమనించాం, ఫారం 6 పెట్టాం, ఆవిడ ఆ ఎన్నికలో ఓటు వేశారు. ఆ అలవాటే లేకపోయి ఉంటే ఆవిడకు గత్యంతరం ఉండేది కాదు.

బీహార్‌లో 2025లో జరిగిన ప్రత్యేక సవరణలో ముసాయిదా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు పోయినప్పుడు, ఆ పేర్లను కారణాలతో సహా అందరూ వెతుక్కునేలా ప్రచురించాలని సుప్రీంకోర్టు ఆ ఏడాది ఆగస్టు 14న ఆదేశించింది. జాబితాలో ఎవరున్నారన్నదే కాదు, ఎవరిని ఎందుకు తీసేశారన్నది కూడా ప్రజలకు తెలియాల్సిన విషయమేనని ఆ ఆదేశంతో స్పష్టమైంది. మీ నియోజకవర్గంలోనూ తొలగింపుల పట్టికను అడగండి.

అభ్యర్థి అఫిడవిట్

ఇది త్వరగా తేలే పని. 2002 నాటి సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని ప్రతి అభ్యర్థీ తనపై ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలతో ప్రమాణపత్రం ఇవ్వాలి. దాన్ని ఫారం 26 అంటారు. నామినేషన్ వేసిన కొద్ది సమయానికే ఎన్నికల సంఘం వెబ్‌సైటులో అది కనిపిస్తుంది. గత ఎన్నికలో అదే అభ్యర్థి ఇచ్చిన అఫిడవిట్‌ను పక్కన పెట్టుకుని చదివితే ఆస్తుల్లో, కేసుల్లో వచ్చిన మార్పు తెలుస్తుంది. నేరచరిత్ర ఉన్న వ్యక్తికి టికెట్ ఇస్తే ఎందుకు ఇచ్చారో పార్టీ కారణాలు ప్రచురించాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కారణాలు చదవండి. "ప్రజాదరణ ఉంది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారేమో చూసి, ప్రచారానికి వచ్చినవారినే నేరుగా అడగండి.

తెల్లవారుజామున 5.30

పోలింగ్ 7 గంటలకు మొదలయ్యేదైతే 5.30కే మాక్ పోలింగ్, అంటే యంత్రాన్ని పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్, మొదలుపెట్టాలి. నా దృష్టిలో ఎన్నిక మొత్తంలో అతి విలువైన గంటన్నర అదే, అతి తక్కువమంది చూసేదీ అదే. ముందు రోజు సాయంత్రమే సామగ్రి తీసుకుని బడికి చేరి, బల్లలు జరిపి, అట్టముక్కలతో ఓటింగ్ అర అమర్చుకుని, అదే గదిలో చాప మీద పడుకుని, 4 గంటలకు లేచి చల్లటి నీళ్ళతో ముఖం కడుక్కున్న సిబ్బంది అప్పుడు ఏజెంట్ల కోసం ఎదురుచూస్తుంటారు. ఏజెంట్లు రాకపోతే 15 నిమిషాలు ఆగి, ఆ తరవాత వారు లేకుండానే జరిపేయవలసి ఉంటుంది. నిద్ర చాలలేదనో, దూరమనో ఏజెంటు 7 గంటలకు వస్తే, తరవాత యంత్రం గురించి ఆయన చెప్పే మాటకు బలం ఉండదు.

అప్పుడు జరిగేది ఇది. ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్‌లో సున్నా చూపిస్తారు. ఓటు ఏ గుర్తుకు పడిందో ముద్రించే వీవీప్యాట్‌లో చీటీలు పడే పెట్టె ఖాళీగా ఉందని చూపిస్తారు. అందరు అభ్యర్థులకూ, నోటాకూ కలిపి కనీసం 50 ఓట్లు ఏజెంట్ల చేతనే వేయిస్తారు. ఎవరు ఏ గుర్తుకు నొక్కారో ఒకరు కాగితం మీద రాసుకుంటారు. ఫలితం మీట నొక్కి, యంత్రం చెప్పిన అంకెలను, కాగితం లెక్కను, వీవీప్యాట్ చీటీలను మూడింటినీ సరిపోల్చుతారు. తరవాత "క్లియర్" మీట నొక్కి మళ్ళీ సున్నాకు తెస్తారు. చీటీలను నల్ల కవరులో పెట్టి సీలు వేస్తారు. మాక్ పోలింగ్ ధ్రువపత్రం మీద ఏజెంట్లు సంతకం పెడతారు. ఏజెంటు అడిగి మరీ చూడాల్సినవి రెండు: క్లియర్ చేసిన తరవాత సున్నా, చీటీలు తీసేసిన తరవాత ఖాళీ పెట్టె. తెల్లవారే హడావుడిలో ఈ రెండే మరుపున పడతాయి.

ఆ తరవాత కంట్రోల్ యూనిట్‌కు ఆకుపచ్చ కాగితపు సీలు వేస్తారు. దాని మీద క్రమసంఖ్య ఉంటుంది, ఏజెంట్లు దాని మీద సంతకం చేయవచ్చు. ఆ సంఖ్యనూ, కంట్రోల్ యూనిట్ సంఖ్యనూ రాసుకోవాలి. లోపలికి సెల్‌ఫోను తేకూడదు కనుక ఫొటో తీసే వీలు లేదు. ఒకసారి ఒక స్వతంత్ర అభ్యర్థి తరఫున వచ్చిన కుర్రవాడు, బహుశా అదే మొదటిసారి ఏమో, కాగితం తెచ్చుకోక ఆ సంఖ్యను అరచేతిలో రాసుకున్నాడు. ఎండాకాలం, చెమటకు మధ్యాహ్నానికల్లా చెరిగిపోతుందని చెప్పి నా నోటుబుక్కులోంచి ఒక పేజీ చింపి ఇచ్చాను. పక్కనే కూర్చున్న పెద్ద పార్టీల ఏజెంట్లు అప్పటివరకు ఆ సంఖ్య రాసుకోనే లేదు. అతన్ని చూసి వాళ్ళూ కలాలు తీశారు.

స్వతంత్ర అభ్యర్థికైనా ఏజెంటును పెట్టుకునే హక్కు పెద్ద పార్టీలతో సమానంగా ఉంటుంది. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది పోటీ చేశారు. వారిలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. పంటకు ధర లేదన్న బాధను రోడ్డు మీద మాత్రమే చెప్పకుండా నామినేషన్ పత్రంతో చెప్పారు. ఒక్కో కేంద్రంలో ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్లు 12 పెట్టి ఎన్నిక జరపాల్సి వచ్చింది. అంతకు ముందు 1996లో ఫ్లోరైడ్ నీటి సమస్యపై నల్గొండ లోక్‌సభ స్థానంలో 480 మంది నిలబడ్డారు. కోపం వచ్చినప్పుడు కూడా ఎన్నికనే వేదికగా ఎంచుకున్న ప్రజలు వీళ్ళు. అలాంటివారి చేతికి ఫారం 17సీ, అంటే కేంద్రంలో పడిన ఓట్ల లెక్క పత్రం, ప్రతి చేరాలన్నది నా కోరిక. దాని గురించి కింద రాస్తాను.

ఓటు వేసే చోట

మీట నొక్కాక వీవీప్యాట్ అద్దం వెనక చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది. దాని మీద అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు ఉంటాయి. చాలామంది మీట నొక్కగానే తిరిగి వచ్చేస్తారు. చీటీ పెట్టెలో పడేదాకా నిలబడి చూడండి. వేరే గుర్తు కనిపించిందని మీకు నిశ్చయంగా అనిపిస్తే అక్కడే ప్రిసైడింగ్ అధికారికి చెప్పండి. 49ఎంఏ నిబంధన కింద మీ చేత రాతపూర్వకంగా ప్రకటన తీసుకుని, ఏజెంట్ల ఎదుట పరీక్ష ఓటు వేయిస్తారు; తేడా కనిపిస్తే ఆ యంత్రంపై పోలింగ్ ఆపేస్తారు. ఫిర్యాదు అబద్ధమని తేలితే శిక్ష ఉంటుంది కాబట్టి, పక్కవాళ్ళు చెప్పమన్నారని చెప్పకూడదు. శిక్షకు భయపడి నిజంగా చూసినదాన్ని దాచడమూ మంచిది కాదు. బయటికి వచ్చి వీడియోలో చెప్పే మాటకు చట్టంలో చోటు లేదు, లోపల రాసి ఇచ్చిన నాలుగు వాక్యాలకు ఉంది.

"మీ ఓటు అప్పుడే పడిపోయిందండీ" అని చెబితే ఇంటికి వెళ్ళిపోకండి. మీరెవరో నిరూపించుకుంటే టెండర్ ఓటు వేసే హక్కు మీకు ఉంది. దానికి యంత్రం ఉండదు, కాగితపు బ్యాలెట్ ఇస్తారు. మీ పేరు ఫారం 17బీలో నమోదు చేస్తారు. బ్యాలెట్‌ను ప్రత్యేక కవరులో పెట్టి సీలు చేస్తారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. అయితే ఫలితం కోర్టుకు వెళ్ళినప్పుడు అది పనికొస్తుంది. 2008లో రాజస్థాన్‌లోని నాథద్వారాలో సి.పి. జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయినప్పుడు టెండర్ ఓట్ల వివాదమే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మన దగ్గర 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానాన్ని కొణతాల రామకృష్ణ 9 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పైగా టెండర్ ఓటు నమోదైతేనే మీ పేరున వేరొకరు వేశారన్న విషయం అధికారిక లెక్కకు ఎక్కుతుంది. నమోదు కాకపోతే ఆ కేంద్రంలో దొంగ ఓటు పడలేదన్నట్టే మిగిలిపోతుంది. ముందే అనుమానం ఉంటే ఏజెంటు 2 రూపాయలు చెల్లించి ఓటరు గుర్తింపును సవాలు చేయవచ్చు; ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించి తేలుస్తారు.

ఫారం 17సీ

మిగిలినవన్నీ మరిచిపోయినా ఇది ఒక్కటి గుర్తుంచుకోండి. పోలింగ్ ముగిసిన వెంటనే ప్రిసైడింగ్ అధికారి నింపే ఓట్ల లెక్క పత్రమే ఫారం 17సీ. దాని నిజప్రతిని అక్కడున్న ప్రతి పోలింగ్ ఏజెంటుకూ ఇవ్వాలని నిబంధన. ఇది దయాదాక్షిణ్యం కాదు, అధికారి విధి. అయినా సాయంత్రం అలసిపోయి, భోజనం వచ్చిందనో, జీపు వెళ్ళిపోతోందనో ప్రతి తీసుకోకుండా వెళ్ళిపోయిన ఏజెంట్లను నేను చాలామందిని చూశాను. పిలిచి ఇస్తే "మా నాయకుడు చూసుకుంటాడు మేడం" అన్నవారూ ఉన్నారు.

ఆ పత్రాన్ని ఇలా చదవాలి. ఓటు వేయడానికి వచ్చిన ప్రతి వ్యక్తి పేరూ 17ఏ అనే రిజిస్టరులో వరుస సంఖ్యతో, సంతకంతోనో వేలిముద్రతోనో నమోదవుతుంది. ఉదాహరణకు చివరి వరుస సంఖ్య 846 అనుకుందాం. సంతకం చేశాక ఓటు వేయడం ఇష్టం లేదని వెళ్ళినవారు ఇద్దరు, ఓటు రహస్యం పాటించకపోవడం వంటి కారణాలతో అనుమతించనివారు ఎవరూ లేరు, పరీక్ష ఓట్లు లేవు. అప్పుడు యంత్రం చూపాల్సిన మొత్తం 844. "క్లోజ్" మీట నొక్కినప్పుడు కంట్రోల్ యూనిట్ తెరపై వచ్చే అంకెను మీ కళ్ళతో చూసి, 17సీలో రాసిన అంకెతో పోల్చండి. టెండర్ బ్యాలెట్లు ఎన్ని ఇచ్చారు, ఏ సీలు సంఖ్యలు వాడారు అన్నవి కూడా అదే పత్రంలో ఉంటాయి. ఉదయం రాసుకున్న ఆకుపచ్చ సీలు సంఖ్య ఇక్కడ సరిపోవాలి. ఎక్కడైనా తేడా ఉంటే యంత్రాన్ని పెట్టెలో పెట్టి సీలు వేయకముందే చెప్పండి, రాతపూర్వకంగా ఇవ్వండి, ప్రిసైడింగ్ అధికారి డైరీలో నమోదు చేయమనండి.

పోలింగ్ శాతాల మీద వచ్చే గొడవ కూడా ఈ పత్రంతోనే తీరుతుంది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ సమయం సాయంత్రం 6 గంటలకు ముగిసినా, చాలా చోట్ల క్యూలు రాత్రి దాకా, కొన్ని చోట్ల అర్ధరాత్రి దాటేదాకా సాగాయి. తుది శాతం దాదాపు 82కు చేరింది. సాయంత్రం టీవీలో చూపిన శాతం తక్కువగా ఉండి మర్నాటికి పెరిగేసరికి అనుమానాలు మొదలయ్యాయి. ఆ సాయంత్రపు అంకెలు రెండు గంటలకోసారి ఫోను ద్వారా పంపే అంచనాలు. అసలు లెక్క 17సీలోనిదే. సమయం ముగిసినప్పుడు వరుసలో ఉన్నవారికి ప్రిసైడింగ్ అధికారి సంతకం చేసిన చీటీలు ఇవ్వాలి, అదీ చివర నిలుచున్న వ్యక్తి నుంచి మొదలుపెట్టి ముందుకు రావాలి; అప్పుడు కొత్తగా ఎవరూ వెనక చేరలేరు. కాబట్టి 6 గంటలప్పుడు 17ఏలో ఉన్న చివరి సంఖ్య ఎంత, ఇచ్చిన చీటీలు ఎన్ని, ముగింపులో సంఖ్య ఎంత అన్న మూడు అంకెలు ఏజెంటు రాసుకుంటే "రాత్రి ఓట్లు ఎక్కడివి" అన్న ప్రశ్నకు ఆ కేంద్రం వరకు సమాధానం దొరికినట్టే.

ఇక్కడ నా మనసులోని మాట ఒకటి చెప్పాలి. 17సీ ప్రతి ఏజెంటుకు దక్కుతుంది గాని సాధారణ ఓటరుకు దక్కదు. వాటిని పోలింగ్ అయిన 48 గంటల్లో అందరూ చూసేలా పెట్టాలన్న విన్నపాన్ని 2024 మే 24న, ఎన్నికలు నడుమ ఉన్నాయన్న కారణంతో, సుప్రీంకోర్టు ఆ దశలో అంగీకరించలేదు. మర్నాడే ఎన్నికల సంఘం అప్పటిదాకా పూర్తయిన దశలకు నియోజకవర్గాల వారీగా ఓట్ల సంఖ్యలు ప్రకటించింది. ఆ ఏడాది డిసెంబర్ 20న ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 93వ నిబంధనను సవరించి, పోలింగ్ కేంద్రాల వీడియో వంటి వాటిని ప్రజలు పరిశీలించే అవకాశాన్ని కుదించారు. ఓటరు గోప్యత కోసమని చెప్పిన కారణాన్ని నేను తోసిపుచ్చను. కానీ అధికారిగా పనిచేసినదానిగా నాకు తెలిసినంతవరకు, 17సీలో ఏ ఓటరు రహస్యమూ లేదు. దాన్ని ఆ రాత్రే బడి గోడకు అంటించినా ఎవరికీ నష్టం రాదు. అలా జరిగేదాకా, మీకు తెలిసిన ఏజెంట్లను, ముఖ్యంగా చిన్న పార్టీల, స్వతంత్రుల ఏజెంట్లను అడిగి నకళ్ళు తీసుకోండి. ఊళ్ళోని 4 కేంద్రాల 17సీ ప్రతులు ఒకచోట చేర్చడం ఇద్దరు కుర్రవాళ్ళకు ఒక్క సాయంత్రం పని.

లెక్కింపు బల్ల దగ్గర

లెక్కింపు రోజున పోస్టల్ బ్యాలెట్లు మొదలుపెట్టాక యంత్రాలు బల్లల మీదికి వస్తాయి. ఒక్కో బల్ల దగ్గర వల కంచెకు ఇవతల లెక్కింపు ఏజెంట్లు ఉంటారు. ఏజెంటు చేతిలో ఆ బల్లకు వచ్చే కేంద్రాల 17సీ ప్రతులు వరుసగా పేర్చి ఉండాలి. యంత్రం సంఖ్య, సీలు సంఖ్య, మొత్తం ఓట్లు సరిపోయాయని చూశాకే ఫలితం మీట నొక్కనివ్వాలి. అభ్యర్థుల వారీ ఓట్లు 17సీ రెండో భాగంలో రాస్తారు. వాటిని కూడితే మొదటి భాగంలోని మొత్తం రావాలి. తేడా వచ్చిన యంత్రాన్ని పక్కన పెట్టమని కోరాలి.

యంత్రాల లెక్క అయ్యాక ప్రతి శాసనసభ సెగ్మెంటులో 5 కేంద్రాలను చీటీలు తీసి ఎంపిక చేసి, వాటి వీవీప్యాట్ చీటీలను చేత్తో లెక్కపెడతారు. అంతకుముందు ఒక్క కేంద్రమే ఉండేది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సహా 21 ప్రతిపక్ష పార్టీల నాయకులు వేసిన పిటిషన్‌పై 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు దాన్ని 5కు పెంచింది. యంత్రానికీ చీటీలకూ తేడా వస్తే చీటీల లెక్కే చెల్లుతుంది. అప్పటికే ఆధిక్యం తేలిపోయి, గెలిచినవారు ఊరేగింపుకూ ఓడినవారు ఇంటికీ బయలుదేరతారు. ఈ చీటీల లెక్క ఖాళీ హాల్లో జరిగిపోతుంది. యంత్రాన్ని నిజంగా అనుమానించేవారు కదలకుండా కూర్చోవాల్సిన సమయం అదే.

మొత్తం ఓట్లు ప్రకటించాక, ఫలితం ప్రకటించేముందు నియోజకవర్గ ఎన్నికకు బాధ్యత వహించే రిటర్నింగ్ అధికారి కాస్త ఆగుతారు. తిరిగి లెక్కించమని రాతపూర్వకంగా, కారణాలతో కోరడానికి 63వ నిబంధన ఇచ్చిన సమయం ఆ ఒకటి రెండు నిమిషాలే. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి. దరఖాస్తు ముందే రాసి జేబులో పెట్టుకోవాలి. అప్పటికప్పుడు కాగితం వెతుక్కుంటే సమయం చాలదు.

గ్రామ పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. అక్కడ యంత్రాలు కాక కాగితపు బ్యాలెట్లు, పెట్టెలు వాడతారు, పోలింగ్ జరిగిన రోజే లెక్కింపు చేస్తారు. 17సీ పేరు అక్కడ వినపడకపోయినా పద్ధతి అదే: ఖాళీ పెట్టె చూడటం, ఇచ్చిన బ్యాలెట్ల సంఖ్య రాసుకోవడం, పెట్టెలో దొరికినవాటితో పోల్చడం.

ఫలితం తరవాత

ఏ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పే ఫారం 20ను ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో పెడతారు. ఇది అందరిదీ. ఏజెంట్ల దగ్గర సేకరించిన 17సీ ప్రతుల్లోని మొత్తాలను దీనితో పోల్చండి. మీ కేంద్రం మొత్తం సరిపోతే సరిపోయిందని ఊళ్ళో చెప్పండి, సరిపోకపోతే ఆ రెండు కాగితాలూ చూపండి. మీ వార్డులో మీ అభ్యర్థికి ఓట్లు తక్కువ పడ్డాయని కొన్నిసార్లు అక్కడే తెలుస్తుంది; చేదుగా ఉన్నా ఒప్పుకోవాల్సిందే.

2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు వీవీప్యాట్ చీటీలన్నిటినీ లెక్కించాలన్న కోరికను తిరస్కరించింది. అదే తీర్పులో రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఫలితం వచ్చిన 7 రోజుల్లో రాతపూర్వకంగా కోరితే సెగ్మెంటుకు 5 శాతం యంత్రాల మెమరీని తయారీ సంస్థల ఇంజినీర్ల చేత తనిఖీ చేయించాలని చెప్పింది. ఆ తయారీ సంస్థలు రెండు, బెంగళూరులోని బీఈఎల్, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. ఖర్చు అభ్యర్థి భరించాలి; యంత్రాన్ని తారుమారు చేశారని తేలితే ఆ సొమ్ము తిరిగి ఇస్తారు. గుర్తులు ఎక్కించే యూనిట్లను కూడా 45 రోజులు సీలు చేసి భద్రపరచాలని అదే తీర్పు చెప్పింది.

ఆ 45 రోజులకు ఇంకో కారణం ఉంది. ఎన్నికను సవాలు చేస్తూ హైకోర్టులో పిటిషన్ వేయడానికి 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఇచ్చిన గడువు అదే. ఓడిన అభ్యర్థి మాత్రమే కాదు, ఆ నియోజకవర్గంలోని ఏ ఓటరైనా పిటిషన్ వేయవచ్చు. 2,000 రూపాయలు ధరావతుగా కట్టాలి. న్యాయవాది మొదట అడిగేవి మీ దగ్గరున్న కాగితాలే: 17సీ ప్రతి, సీలు సంఖ్యలు, లోపల రాసి ఇచ్చిన ఫిర్యాదు నకలు, తిరిగి లెక్కించమన్న దరఖాస్తు, దాన్ని తోసిపుచ్చిన కారణం. వాటిని పోలింగ్ రోజు నుంచే ఒక కవరులో వేసి, పైన కేంద్రం సంఖ్య, తేదీ రాసి, వీలైతే ఇద్దరి ఇళ్ళలో రెండు జతలుగా ఉంచండి.